తక్కిన సామాను

మా నాన్న పోయిన మరుసటేడు పాతపట్నంలోని పెంకుటిల్లు అమ్మేద్దామని మా అన్నదమ్ములు నిర్ణయించారు. నిర్ణయం వాళ్ళది. అటక దులిపే పని మాత్రం ఆడపిల్లనైన నాకు వచ్చింది. రెండు రోజులు ముక్కుకి చీరకొంగు కట్టుకుని దులిపాను. పగిలిన జాడీలు, చెదలు తిన్న దస్త్రాలు, చిమ్నీ లేని లాంతర్ల మధ్య గోనెసంచిలో చుట్టి ఒక విల్లు దొరికింది. వెదురు బద్ద విల్లు. నారి కూడా వెదురు పేడే. దాంతో ఏడు బాణాలు. అయిదింటికి ఇనుప ములుకులున్నాయి, రెండింటికి కొస మొద్దుగా ఉంది, పిట్టల్ని కొట్టేవి. ఆ పక్కనే రెండు ఇనప కుంచాలు. ఒకటి రెండోదాన్లోకి దూరిపోయి తుప్పుతో బిగుసుకుపోయి ఉంది.

విల్లు కిందకి దించగానే ఇల్లంతా మూగింది. పిల్లలు లాక్కున్నారు, ఫోటోలు దిగారు. మా తమ్ముడు హాల్లో గోడకి పెట్టుకుంటానని ముందే చెప్పేశాడు. కుంచాల్ని పాత ఇనుము వాడి కుప్పలోకి తోశారు. నేను వాటిని వెనక్కి తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు నాకే తెలీదు.

మా తాత సంతలో సరుకు కొనేవాడు. మహేంద్రతనయ ఒడ్డున మా ఊరు, దగ్గర్లోనే పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, మేం ఇటు మిగిలాం. కొండలకి ఆ గీతతో పనిలేదు. సవరలు అటునుంచీ ఇటునుంచీ దిగి వచ్చేవారు. చింతపండు, కందులు, కరక్కాయ, కొండచీపుర్లు, అడ్డాకులు తెచ్చి ఉప్పు, ఎండుచేప, పొగాకు, గుడ్డ పట్టుకెళ్ళేవారు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడ్డాక నౌపడా ఉప్పు మా ఊరు మీదుగానే వచ్చేది. ఆ ఉప్పుతోనే మా ఇల్లు నిలబడిందని మా నాన్న గర్వంగా చెప్పేవాడు.

విల్లు గురించి మా ఇంట్లో రెండు కథలున్నాయి. మా తాత చెప్పింది, ఒక సవర వేటగాడు ప్రేమతో బహుమానం ఇచ్చాడని. మా మామ్మ చెప్పింది వేరు. "బహుమానమేటి? రెండు కుంచాల సోళ్ళ బాకీకి అట్టే పెట్టుకున్నాం. మళ్ళీ రాలేదు" అనేది. మగవాళ్ళ కథే వాడుకలో మిగిలింది. మామ్మ మాట నాకెందుకు గుర్తుందంటే, నేను వంటింట్లో పెరిగాను గనక.

మా అబ్బాయికి విల్లు చూడగానే ఒక అమెరికన్ సినిమా గుర్తొచ్చింది. 2015లో వచ్చిన 'ది రెవనెంట్'. బొచ్చు తోళ్ళ కోసం అడవుల్లో తిరిగిన వేటగాళ్ళ కథ. అందులో నాయకుడు హ్యూ గ్లాస్ నిజంగా ఉన్నవాడే. 1823లో ఎలుగుబంటి చీల్చేస్తే, తోటివాళ్ళు అతని తుపాకి కూడా పట్టుకుని వదిలేసి పోయారు. ఆ వేటగాళ్ళ ఆయుధాల మీద మావాడు నాకు ఒక రాత్రంతా పాఠం చెప్పాడు. సెయింట్ లూయీలో హాకెన్ సోదరులు చేసిన బరువైన రైఫిలు, బీవరు కాలు పట్టేసే ఉక్కు బోను, గ్రీన్ రివర్ కత్తి, నడుముకి చిన్న గొడ్డలి. ఎంత శ్రద్ధగా రాసి పెట్టారో! ఏ తుపాకి గుండు ఎంత బరువో, ఏ బోనుకి గొలుసు ఎంత పొడవో. అంతా విని నేనొక ప్రశ్న అడిగాను. "ఆ తోళ్ళు గీకిందెవరు?" వాడికి తెలీదు. సినిమాలో లేదు.

అక్కణ్ణించి మొదలైంది నా చదువు. మొదట మన దగ్గరి పుస్తకమే తీశాను. థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల కోశం. అందులో సవరల పద్దు చాలా పెద్దది. మన గిడుగు రామమూర్తి పంతులుగారి దగ్గర తీసుకున్న సంగతులూ అందులో ఉన్నాయి. పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు ఇచ్చిన మనిషి. ఆ పద్దులో సవరల్లోని శాఖల్ని పనిని బట్టి చెప్పారు. గుడ్డ నేసేవాళ్ళు అర్సి. బుట్టలల్లేవాళ్ళు కిందల్. కుండలు చేసేవాళ్ళు కుంబి. ఇనుము పనివాళ్ళు లువార లేక ములి. ఈ ఇనుము పనివాళ్ళు ఏం చేస్తారయ్యా అంటే బాణాల ములుకులూ తక్కిన సామానూ చేస్తారని రాశారు.

ఆ 'తక్కిన సామాను' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొండమీద కమ్మరి ఏడాది పొడుగునా ములుకులే సాగగొడతాడా? బాణం విరక్కపోతే ఆ ములుకు మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. రోజూ మట్టిలో రాళ్ళకి కొట్టుకుని అరిగేవి వేరే ఉన్నాయి. దుంపలు తవ్వే కర్రకి కొసన వేసే ఇనుప ములికి, పోడులో గింజ వేసే చిన్న పార, కలుపు తీసే బొరిగె, గడ్డి కోసే కొడవలి, చింతపండు గింజ తీసే కత్తి. ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లోవే. కమ్మరి కొలిమి ఎక్కువసేపు మండింది వీటికోసమే అయి ఉంటుంది. కోశంలో వీటికి పేరు పెట్టలేదు.

దుంప తవ్వడం చూసినవాళ్ళకి ఆ కర్ర విలువ తెలుస్తుంది. వానలు వెనకబట్టాక తీగ ఎండిపోతుంది. ఆ ఎండు తీగ ఏ బండ కిందకి పోయిందో చూసి, ఏ తీగది తినే దుంపో, ఏది చేదు దుంపో పోల్చుకోవాలి. రాళ్ళ మధ్య మోకాలి లోతు, ఒక్కోసారి నడుం లోతు తవ్వాలి. దుంప విరక్కుండా పక్కనుంచి కర్రతో మట్టి పెకలించాలి. కొంచెం తలకాయ మళ్ళీ మట్టిలోనే వదిలేస్తే వచ్చే ఏటికి పుడుతుంది. చేదు రకాన్ని పల్చగా తరిగి, బుట్టలో వేసి, పారే గెడ్డలో రాత్రంతా నానబెట్టాలి. లేకపోతే ప్రాణాలకే ముప్పు. ఇందులో ఎంత వృక్షశాస్త్రం ఉంది, ఎంత రసాయనం ఉంది! మన ప్రబంధకవులు వేట అనగానే కుక్కల పేర్లతో సహా పద్యాలు అల్లారు. దుంప మీద ఒక్క సీసపద్యమైనా నా కంటబడలేదు. రామాయణంలో శబరి ఒక్కతే బుట్ట పట్టుకుని నిలబడింది, అదీ రాముడికి పెట్టడానికి.

వేట తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. వేట ఆకలి తీర్చింది, పండగయింది, మనువులు కుదిర్చింది. కాని వేట దొరికిన రోజులు తక్కువ. విశాఖ మన్యంలో ఇటుకల పండక్కి మగవాళ్ళు అడివికి వెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసే ఆచారం ఉంది. ఆ ఎగతాళిలో చాలా ఆర్థికశాస్త్రం ఉందని నాకనిపిస్తుంది. 1966లో షికాగోలో పెద్ద పెద్ద మానవశాస్త్రజ్ఞులు 'వేటగాడైన మనిషి' అని పేరు పెట్టి సదస్సు చేసుకున్నారు. ఆ సదస్సులోనే రిచర్డ్ లీ, కలహారి ఎడారిలో తిండిలో ఎక్కువ పాలు వేట నుంచి కాదు, ఆడవాళ్ళు ఏరి తెచ్చేదాన్నుంచే వస్తోందని లెక్కలు చెప్పాడు. అయినా పుస్తకం పేరు మాత్రం మారలేదు.

అలాగని విల్లు మగవాళ్ళది, బుట్ట మనది అని పంచేసుకోవడానికీ నాకు మనసొప్పదు. పెరూలో విలమాయా పట్జ్‌హా అనే చోట తొమ్మిది వేల ఏళ్ళ నాటి సమాధిలో వేట సామగ్రి మొత్తం పక్కన పెట్టుకుని ఒక మనిషి దొరికింది. రాతి ములుకులు, తోలు గీకే పలకలు. ఎవరో పెద్ద నాయకుడే అనుకున్నారు. ఎముకలు పరీక్షిస్తే పద్ధెనిమిదేళ్ళ లోపో అటూ ఇటో ఉన్న ఆడపిల్ల. 2020లో ఆ సంగతి ప్రకటించారు. అంటే, పక్కన ఆయుధం ఉంటే మగవాడేనని మనం అనుకోవడమే తప్ప, ఎముకలు అలా చెప్పలేదు.

మళ్ళీ మావాడి బొచ్చు వేటగాళ్ళ దగ్గరికి వస్తాను. ఆ వ్యాపారం సినిమాలోని కాలానికి చాలా ముందే కెనడా ఉత్తరాన మొదలైంది. 1670లో హడ్సన్ బే కంపెనీ పుట్టింది. ఆ కంపెనీ ఉద్యోగి శామ్యూల్ హెర్న్ 1772 జనవరిలో మంచులో నడుస్తూ ఒక అడుగుజాడ చూశాడు. వెంటపడి వెళ్తే ఒక చిన్న గుడిసె, అందులో ఒక్కతే ఒక పడుచు. శత్రుతెగ వాళ్ళు ఆమెను ఎత్తుకుపోయారు. తప్పించుకుని, దారి తెలీక, ఏడు నెలలకు పైగా మనిషి మొహం చూడకుండా బతికింది. ఆమె దగ్గరున్న ఇనుము ఎంత? పీపాకి కట్టే ఇనుప పట్టీ ముక్క ఒకటి, అయిదారు అంగుళాలది. దాన్ని కత్తి చేసుకుంది. విరిగిన బాణపు ములుకు కాడ ఒకటి. దాన్ని ఆరె చేసుకుంది. జింక కాళ్ళ నరాలు పేని ఉచ్చులు వేసి కుందేళ్ళూ, ఉడతలూ, పిట్టలూ పట్టింది. నరాలు అయిపోతే కుందేళ్ళ కాళ్ళ నరాలే తీసి మళ్ళీ ఉచ్చులు పేనింది. రెండు రాళ్ళు కొట్టి నిప్పు చేసుకుని, ఆ నిప్పు చలికాలమంతా ఆరనివ్వలేదు. కుందేలు తోళ్ళతో చక్కని బట్టలు కుట్టుకుంది. అందంగా ఉండాలని కూడా కుట్టుకుందని హెర్న్ మెచ్చుకుంటూ రాశాడు. వసంతం వస్తే చేపలు పట్టుకోవచ్చని విల్లో చెట్టు బెరడు పేని దారం సిద్ధం చేస్తోంది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా అతనే రాశాడు. అతని వెంట ఉన్న మగవాళ్ళు ఆమె నాదంటే నాదని కుస్తీలు పట్టారు. ఆ సాయంత్రమే ఆమె అనేక చేతులు మారింది. ఏడు నెలలు తన చేతుల్తో బతికిన మనిషి ఒక్క పూటలో సొత్తు అయిపోయింది. ఆమె పేరు హెర్న్ రాయలేదు. హాకెన్ రైఫిలు ఎవరు చేశారో, వాళ్ళ పేర్లు జేకబ్, శామ్యూల్ అని మా అబ్బాయికి తెలుసు.

తోళ్ళు గీకిందెవరన్న నా ప్రశ్నకి జవాబు 1980లో సిల్వియా వాన్ కిర్క్ అనే చరిత్రకారిణి పుస్తకమంతా రాసి ఇచ్చింది. వర్తకులు అక్కడి తెగల ఆడవాళ్ళను ఆ నేల ఆచారం ప్రకారం చేసుకున్నారు. ఆ ఆడవాళ్ళే తోళ్ళు గీకి మెత్తబరిచారు, మంచు మీద నడిచే చెక్కజోళ్ళకి తోలు వల అల్లారు, పాదరక్షలు కుట్టారు, ఎండుమాంసం దంచి కొవ్వు కలిపి నిలవ చేశారు. భాష రాని మొగుళ్ళకి నోరయ్యారు. మంచుజోళ్ళు లేకపోతే ఆ రైఫిలు గుమ్మం దాటదు. తర్వాత తెల్లదొరసానులు వచ్చినప్పుడు వీళ్ళలో చాలామందిని వదిలేశారు. ఈ చివరి ముక్క మన మన్యానికి కొత్తదేం కాదు, దాన్ని ఇక్కడ విడమర్చను.

ఆ బొచ్చు వ్యాపారం చదువుతుంటే ఒకచోట నాకు మా ఇల్లు కనిపించింది. కంపెనీ కోటకి తోళ్ళు తెచ్చిన వేటగాళ్ళు వర్తకం మొదలెట్టే ముందు పెద్దగా ఉపన్యాసం ఇచ్చేవారట. అందులో వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగింది ఒకటే, కొలత సరిగ్గా కొలవమని. తుపాకిమందు నిండా పొయ్యి, గుడ్డ సరిగా కొలువు అని. రే, ఫ్రీమన్ అనే ఇద్దరు పండితులు 1978లో ఈ కొలత మీదే ఒక పుస్తకం రాశారు. కోట గుమస్తాలు తక్కువ కొలిచి మిగిల్చిన సరుకుకి లెక్కల్లో వేరే పద్దే ఉంది, 'ఓవర్‌ప్లస్' అని. అంటే దొంగకొలత దొంగతనం కాదు, ఖాతా.

మా రెండు కుంచాలు అప్పుడు బయటికి తీశాను. కిరసనాయిల్లో రెండు రోజులు నానబెడితే విడిపోయాయి. రెండూ కుంచాలే. కుంచానికి రెండు అడ్డలు, నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు. అది బళ్ళో నేర్పిన లెక్క. ఒకే కొలత అయిన రెండు పాత్రల్లో ఒకటి రెండోదాన్లోకి ఎలా దూరుతుంది? బియ్యం పోసి చూశాను. పెద్దదాన్లో పట్టినవి చిన్నదాన్లో పోస్తే తవ్వన్నర మిగిలాయి. పెద్దది కొనడానికి. చిన్నది ఇవ్వడానికి. దాని మీద, సవర తెచ్చిన కందులకి పైన గోపురం నిలవాలి, మనమిచ్చే ఉప్పుకి అరచేత్తో తలకొట్టాలి.

ఇంతవరకూ అయితే షావుకార్ల మోసం అని రాసేసి ఊరుకోవచ్చు. మా తాత సంతలో బేరం మాత్రమే ఆడేవాడు. ఇంటి అరుగు మీద కొలిచేది మా మామ్మ. ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. ఎడంచేత్తో కుంచం అంచు పట్టుకుంటే బొటనవేలు లోపలికి ఉండేది. ఇచ్చేటప్పుడు లోపలికి, పుచ్చుకునేటప్పుడు బయటికి. "లాభం" అని మొదలుపెట్టి, "రెండు, మూడు" అని రాగం తీస్తూ లెక్కపెట్టేది. ఎదురుగా కూర్చున్న సవర ఆడవాళ్ళు ఆ వేలినే చూసేవారు. ఎప్పుడూ ఏమీ అనలేదు. మామ్మకి తన పేర సెంటు భూమి లేదు, సంతకం రాదు, తాత కొట్టిన రోజున వంటింట్లో పడుకునేది. ఆ ఇంట్లో ఆమెకున్న అధికారమంతా ఆ బొటనవేలిలోనే ఉండేది. నేను ఇన్నేళ్ళు స్త్రీల గురించి రాశాను, మా మామ్మ కష్టాల గురించి రెండుసార్లు రాశాను. ఈ వేలి గురించి రాయలేదు.

ఆయుధాలకి చట్టాలు వచ్చాయి. 1864లో గుణుపురం కొండల్లో పొట్టాసింగి పోలీసులు ఒక సవర నాయకుణ్ణి అన్యాయంగా పట్టుకుంటే జనం విడిపించుకుపోయారు. ఇన్స్‌పెక్టర్నీ నలుగురు కానిస్టేబుళ్ళనీ చంపి ఠాణా తగలబెట్టారు. అయిదుగురిని ఉరి తీశారు, తొమ్మిదిమందిని ద్వీపాంతరం పంపారు. వాళ్ళను పట్టివ్వడంలో సాయపడినందుకు జయపురం రాజావారికి సర్కారు ఒక రైఫిలు బహూకరించింది. 1878 ఆయుధాల చట్టంతో తుపాకికి లైసెన్సు వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టంతో విల్లుతో కుందేలు కొట్టడం కూడా నేరమయింది. విల్లు గ్రూపు డాన్సుల్లోకీ మ్యూజియం అద్దాల్లోకీ పోయింది. కొలతలకీ వడ్డీలకీ కూడా చట్టాలు రాకపోలేదు. 1917లోనే ఏజెన్సీ వడ్డీ, భూముల బదిలీ చట్టం నూటికి ఏడాదికి ఇరవైనాలుగు మించి వడ్డీ వద్దంది, వడ్డీ మొత్తం అసలుని దాటకూడదంది. ఏజెన్సీ గీత లోపల అమలైందో లేదో గాని, గీత బయటున్న మా అరుగుదాకా అది ఎక్కలేదు. 1956లో కొండసరుకు కొనడానికి గిరిజన సహకార సంస్థ వచ్చింది. అప్పటికీ మా ఇంట్లో రెండు కుంచాలూ నడుస్తూనే ఉన్నాయి.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి పోతున్న కోరన్న, మంగన్నల్ని లేవిడి దగ్గర కాల్చి చంపారు. తర్వాతి శ్రీకాకుళం కథ ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. ఒక్క విషయమే గుర్తు చేస్తాను. 1968 నవంబరులో పెదగొత్తిలిలో విళ్ళూ బల్లేలూ పట్టుకుని షావుకారు ఇంటిమీద పడినవాళ్ళు ధాన్యంతోపాటు తీసుకుపోయినవి అప్పు పత్రాలు. ఏది తమ మీద ఎక్కుపెట్టిన ఆయుధమో వాళ్ళకి బాగా తెలుసు. ఆ ఉద్యమం మీద వచ్చిన బొమ్మల్లో, పాటల పుస్తకాల అట్టల మీద విల్లే ఉంటుంది. పంచాది నిర్మల బొమ్మలో కూడా చేతికి తుపాకే ఇస్తారు. ఆమె 1969 డిసెంబరులో చనిపోయింది. ఆమెతో కొండల్లో తిరిగిన సవర ఆడవాళ్ళు ఏం పట్టుకు తిరిగారు, దళానికి వండిపెట్టిన దుంప దేంతో తవ్వారు అన్నది ఎవరైనా అడిగి రాసి ఉంటే చదవాలని ఉంది.

పోయిన చలికాలంలో విల్లు పట్టుకుని సీతంపేట వైపు వెళ్ళాను. అది 2022 నుంచి మన్యం జిల్లాలో ఉంది. తమ్ముడితో గొడవయింది, అది వేరే సంగతి. మా మామ్మ చెప్పిన ఊరి గుర్తులు పట్టుకుని, తెలిసిన టీచరు ఒకామె సాయంతో ఆ ఇల్లు దొరికించాను. విల్లు తాకట్టు పెట్టిన మనిషి లేడు. అతని కోడలుంది. ఎనభై దాటి ఉంటుంది. పెరట్లో చింతపండు గింజ తీస్తోంది. గోడకి ఆనించి దుంపలు తవ్వే కర్ర ఉంది. కొస ఇనుము అరిగి బెత్తెడు మిగిలింది. గూట్లో ప్లాస్టిక్ సంచిలో అటవీ హక్కు పత్రం. 2006 చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరి పేర్లూ దాంట్లో ఉన్నాయి. మనవడు తీసి చూపించాడు.

విల్లు ఆమె ముందు పెట్టాను. ఇది మీదే, తప్పుగా మా ఇంట్లో ఉండిపోయింది అన్నాను. ఆమె ముట్టుకోలేదు.

"మగోల్లది గదమ్మా. ఆల్లకియ్యి" అని మనవడి వైపు చూపించింది. మనవడు దాన్ని వంచి చూసి, నారి పాడయిపోయిందన్నాడు, చూరులో దోపాడు. అంతే. నేను ఊహించుకుంటూ వచ్చిన సన్నివేశం ఇది కాదు.

ఆమె నా మొహంలోకి తేరిపారా చూసింది.

"నువ్వు పాతపట్నం అరుగింటి సావుకారమ్మ మనవరాలివా?"

"అవునమ్మా."

"ఆ కుంచం ఉందేటి ఇంకా?"

నేను మాట్లాడలేకపోయాను. రెండున్నాయని చెప్పాను. వెంట తెచ్చావా అని అడిగింది. తేలేదన్నాను. విల్లు తేవాలనే తోచింది గాని కుంచం తేవాలని తోచలేదు.

ఆమె మళ్ళీ చింతపండు ముందుకి లాక్కుంది. కత్తితో ఒక కాయ చీల్చి గింజ పక్కకి విసిరింది.

"ఈపాలొచ్చినప్పుడు అట్టుకురా. రెండూ అట్టుకురా. కందులు పోసి సూద్దుము" అంది.